అవ్వ కట్టిన తడికలు

బేరికె దగ్గరి పల్లెలో ఒక అవ్వ ఉండేది. మెట్ట చేను, పది మామిడిచెట్లు, రెండావులు, కొన్ని గొర్రెలు, నాటుకోళ్లు, ఓ జత టర్కీలు ఆమె ఆస్తి. హోసూరు పక్కన మత్తిగిరిలో 1824లో దొరలు గుర్రాల కోసం పెట్టిన ఫారం వందల ఎకరాల్లో ఉంటే, అవ్వ ఫారం ఒక్క పెరట్లో ఇమిడిపోయింది.

ఆ పెరట్లో ఎటు చూసినా వెదురు తడికలే. ఆవులను మేతకు తోలాకే అవ్వ కోళ్లగంప ఎత్తేది. కోళ్లు నేరుగా పేడదిబ్బ ఎక్కి ఈగల పురుగులను గీరుకుని తినేవి. మధ్యాహ్నం ఆవులు వచ్చి నీడన పడుకుంటే వాటి కాళ్లకూ మెడకూ పట్టిన పిడుదులను పొడుచుకు తినేవి. గాటిలో గడ్డి వేసే వేళకు మాత్రం ఆమె కోళ్లను అవతలికి తోలి తడిక మూసేది. కోళ్లకు గింజలు చల్లేచోటికి గొర్రెలను రానిచ్చేది కాదు. టర్కీలు చేను చివర, కోడి కాలు పెట్టని నేలమీద పెరిగేవి. ఇదంతా ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

అవ్వకు చూపు తగ్గింది. హోసూరులో ఫ్యాక్టరీ పని మానేసి వచ్చిన మనవడు పెరడు చేతికి తీసుకున్నాడు. సగం పొద్దు తడికలు తీయడానికీ కట్టడానికీ పోతోందని లెక్క వేసి, అన్నీ పీకి నీళ్లపొయ్యిలో పెట్టాడు. నెలరోజులు పని సులువైంది. ఊళ్లోవాళ్లు కూడా మెచ్చుకున్నారు.

తర్వాత కోళ్లు గాటి అంచున ఎక్కి కూర్చోవడం మొదలుపెట్టాయి. రెట్టపడిన రాగిగడ్డిని ఆవులు వాసన చూసి వదిలేశాయి. పాలు తగ్గాయి. కోళ్లకు పోసిన మొక్కజొన్న నూక మీద ఒక గొర్రె పడి కడుపునిండా మేసింది. తెల్లారేసరికి పొట్ట ఉబ్బి చచ్చింది. వానలు పట్టాక టర్కీ పిల్లలు రెక్కలు వాల్చి, పసుప్పచ్చటి రెట్ట వేస్తూ ఒకదాని వెంట ఒకటి పోయాయి. కోళ్లన్నీ చేను చివరిదాకా కులాసాగా తిరుగుతుండటంతో అతనికి వాటి మీద అనుమానమే రాలేదు.

పశువుల డాక్టరు వచ్చి చూసి గుట్టు విప్పాడు. ఆ రోగాన్ని మోసేవి కోడి పేగుల్లోని చిన్న పురుగులు. కోడికి దాంతో పెద్ద ఇబ్బంది ఉండదు, టర్కీకి మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. పైగా ఆ పురుగుల గుడ్లు రెట్టతో నేలలో చేరితే ఏళ్లతరబడి పోవు.

మనవడికి కోపం వచ్చింది. కోళ్లన్నిటినీ సంతకు పట్టుకెళ్లి అమ్మేశాడు. కొన్నాళ్లకు పేడదిబ్బ నుంచి ఈగలు ముసిరాయి, ఆవుల పొదుగుల దాకా పిడుదులు పాకాయి. కోళ్లు ఊరికే చేసిపెట్టిన పనికి ఇప్పుడు అతను మందులు కొనాల్సి వచ్చింది.

చివరికి వెదురు కొని తెచ్చాడు. ఏ తడిక ఎక్కడ నిలబెట్టాలో, ఏ పూట తీయాలో అరుగు మీద కూర్చున్న అవ్వను ఒక్కొక్కటే అడిగి కట్టాడు. మళ్లీ కోళ్లు వచ్చాయి, పాలు పెరిగాయి. చేను చివరి నేల మాత్రం చెడిపోయింది. అక్కడ టర్కీలను పెంచడం కుదరలేదు.

ఆవుకు మేలు చేసిందీ, టర్కీ పిల్లల ప్రాణం తీసిందీ ఆ కోళ్లే. ఒక జీవి పక్కన మరొకటి ఏ పూట ఉండాలో, ఎంత ఎడంగా ఉండాలో అవ్వకు తెలుసు, ఆ తెలివే తడికలుగా నిలబడింది. పెద్దవాళ్ల కాపురంలో పనికిరానిదిగా కనిపించే అడ్డును తీసేయాలనుకున్నవాడు, అది దేనికి కట్టారో కట్టినవాళ్లుండగానే అడగాలి.