తోసే గాలి

కడప నుంచి ఒంటిమిట్టకు పాతిక కిలోమీటర్ల పైచిలుకు. భాకరాపేట మీదుగా రాజంపేట రోడ్డు పట్టుకుంటే, బస్సులో ఒక కునుకు తీసి లేచేసరికి రామాలయం గోపురం కనిపిస్తుంది. ఇంట్లో మోటారు బండి ఉండి, జేబులో బస్సు ఛార్జీ ఉండి, అంత దూరం సైకిల్ తొక్కుకుంటూ పోయేవాణ్ణి మా సీమలో ఎవరూ భక్తుడనుకోరు. "ఏమబ్బా, బండి చెడిపోయిందా?" అని జాలిపడతారు. నెత్తిన హెల్మెట్టు, సైకిల్‌కు గేర్లు చూశాక జాలి పోయి ఆరా మొదలవుతుంది. ధర చెబితే, "ఆ దుడ్లకు పాత మోటారు బండే వచ్చు కదా సామీ" అంటారు. వాదన సరైనదే. అవసరం లేని శ్రమను కోరి తెచ్చుకోవడమే ఈ సరదా. అవసరం లేకపోవడమే నన్నడిగితే దీంట్లో మొదటి పుణ్యం.

తెల్లవారుజామున బయల్దేరితే దారి మనదే. టీకొట్టు పొయ్యి పొగ, పాలక్యాన్ల చప్పుడు, పాలకొండల మీద మెల్లగా దిగే వెలుగు. బస్సు కిటికీలోంచి ఇవన్నీ బొమ్మలు. సైకిల్ మీద వాటికి వాసన, చలి కూడా ఉంటాయి. ఎండెక్కిందా, లోకం మారిపోతుంది. మంగంపేట ముగ్గురాయి లారీ పక్కనుంచి దూసుకుపోతే హ్యాండిల్ వణుకుతుంది. ఊరి మొదట్లో కుక్కలు వెంటబడతాయి. చైను సరిగ్గా ఎక్కుడు మీదే ఊడుతుంది. వీటన్నిటికీ పెద్దన్న కంపచెట్టు ముల్లు. రోడ్డు పక్కన కంప కొట్టిన రోజు అటు పోయిన సైకిల్ ఏదీ గాలితో ఇంటికి చేరదు.

పంచర్ వేసేవాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వచ్చిన చోట గీరి, సొల్యూషన్ పూసి, ఆరాక ప్యాచ్ అతికిస్తారు. పని అయిపోయిందని మనం డబ్బులు తీస్తాం. అనుభవమున్నవాడు తీసుకోడు. టైరు లోపలి వైపు వేలితో మెల్లగా తడుముతాడు. ముల్లు కొన విరిగి అందులోనే ఉంటే, కొత్త ప్యాచ్ కూడా ఫర్లాంగు దాటదు. దర్శనం చేసుకుని బయటికొచ్చీ రాగానే చెప్పుల దగ్గర తగువులాడే మన సంగతి కూడా దాదాపు ఇదే.

అసలు ఆ ట్యూబులో గాలి ఉండాలన్న ఆలోచన 1888 ప్రాంతంలో బెల్ఫాస్ట్‌లో ఒక పశువైద్యుడి చేతిలో సైకిళ్ల దాకా వచ్చింది. కొడుకు మూడు చక్రాల బండికి జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరు తొడిగాడు. అంతకుముందు గట్టి రబ్బరు మీద ఎముకలు కదిలిపోయేవి. అలా గాలి మీద కూర్చుని గాలిలోంచి పోవడం మొదలైంది. లోపలి గాలి మాట వినేదే. బయటి గాలితోనే పేచీ.

ఆషాఢం వస్తే కడపలో పడమటి గాలి ఊపందుకుంటుంది. మబ్బులు పరుగెడతాయి, చినుకు మాత్రం రాలదు. ఒంటిమిట్ట కడపకు తూర్పు, ఆగ్నేయాలకు మధ్యగా ఉంది కాబట్టి పోయేటప్పుడు ఆ గాలి వీపును తోస్తుంది. కానీ అది తోస్తున్నట్టు తెలియదు, అదీ చిత్రం. చెవుల్లో హోరు ఉండదు, చొక్కా రెపరెపలాడదు, లోకమంతా గాలి లేనట్టే ఉంటుంది. "ఈరోజు కాళ్లలో బలముంది" అనుకుంటాం. ఒంటిమిట్ట చెరువు కట్ట కనబడేదాకా ఆ గర్వం దిగదు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ముఖాన కొడుతుంది. అప్పుడు మాత్రం "ఏం పరీక్షయ్యా రామా!" అని దేవుణ్ణి నిలదీస్తాం.

లెక్క వేసి చూడండి. గంటకు 15 కిలోమీటర్ల గాలి వీస్తుంటే, మనం 20 వేగంతో తొక్కుతున్నామనుకుందాం. పోయేటప్పుడు ఒంటికి తగిలే గాలి 5, వచ్చేటప్పుడు 35. గాలి అడ్డుకునే బలం ఆ వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే తిరుగుదారిలో గాలి పెట్టే అడ్డు 49 రెట్లు. కాళ్లు అవే, సైకిల్ అదే. పోయినప్పటి ఘనత మనది, వచ్చినప్పటి కష్టం దేవుడిది.

ఈ లెక్క తప్పు లేకుండా రాసుకున్నవాళ్లు ఒంటిమిట్టతో ముడిపడ్డ ఇద్దరున్నారు. భాగవతాన్ని పోతన ఇక్కడే రాశాడని ఊరి నమ్మకం. ఓరుగల్లువారు ఒప్పుకోరు, ఆ తగవు ఇప్పుడొద్దు. తాను పలుకుతున్నానని కాక, రాముడు పలికిస్తున్నాడని చెప్పుకున్నాడాయన. రెండోవారు వావిలికొలను సుబ్బారావు (1863–1936). మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులు, వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవారు. అంతటి మనిషి వాసుదాసుగా మారి, శిథిలమైన ఈ గుడి కోసం చేత టెంకాయచిప్ప పట్టుకుని ఊరూరా బిచ్చమెత్తారు. గుడి నిలబడ్డాక తన గురించి శతకం రాయించుకోలేదు. చేతిలోని టెంకాయచిప్ప మీద తానే శతకం చెప్పారు. ఏ గాలి ఎటు తోసిందో తెలిసిన మనిషి.

ఏకశిల మీద సీతారామలక్ష్మణులు వెలసిన ఆ గర్భగుడిలో హనుమంతుడు ఉండడు. రాముడు హనుమను కలవకముందటి మూర్తులివని స్థలపురాణం. ఇక్కడ, గాలి కొడుకు కంటికి కనబడని చోట, కోదండం పట్టుకుని అడవి దారిలో ఉన్న రాముడు. హనుమ లేకపోవడం లోటని కొందరు యాత్రికులు అంటుంటారు. నాకెప్పుడూ అలా అనిపించలేదు.

ఇప్పటి సైకిల్ సరదాలో ఫోను వచ్చి చేరింది. దూరం, సగటు వేగం, ఎవరిని దాటామో అన్నీ అదే రాస్తుంది. గుడి ముందు నిలబడి మొదట దండం పెట్టాలా, రైడు ఆపి సేవ్ చేయాలా అని తటపటాయించేవాళ్లను చూస్తుంటాం. అందులో గాలి ఎటు వీచిందన్న గడి మాత్రం ఎవరూ తెరవరు. మన వేగం తగ్గిన రోజు తప్ప.

ఆషాఢంలో పోదలచినవారు చీకటితోనే బయల్దేరండి. రెండు సీసాల నీళ్లు, ఒక ట్యూబు, పంపు దగ్గరుంచుకోండి. పది దాటాక ఎదురుగాలిలో కడప దాకా తొక్కలేమనిపిస్తే సైకిల్‌ను ఆటోలో వేసుకుని రావడంలో చిన్నతనమేమీ లేదు. పద్నాలుగేళ్లు అడవులు నడిచిన రాముడు కూడా తిరుగు ప్రయాణం పుష్పకంలోనే చేశాడు.