కొనే చేతిలోనూ త్రాసు ఉంది

డల్లాస్‌లో పిల్లల దగ్గరికి వచ్చిన మాలాంటి పెద్దవాళ్లకు శని, ఆదివారాలంటే గుడి. ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ ఆలయంలో అడుగుపెడితే మన ఊళ్లో ఉన్నట్టే మనసు కుదుటపడుతుంది. బజారుకు వెళ్లిన రోజును మాత్రం ఎవరూ పుణ్యం కింద జమ వేసుకోరు. జాజలి అనే ముని కూడా తన తపస్సునే ధర్మమంతా అనుకున్నాడు.

మహాభారతం శాంతిపర్వంలో ఉంది ఆయన కథ. అడవిలో కొయ్యలా నిలబడి తపస్సు చేస్తుంటే జాజలి జడల్లో పక్షులు గూడు పెట్టాయి. ఆయన కదల్లేదు. గుడ్లు పగిలి, పిల్లలకు రెక్కలొచ్చి, అన్నీ ఎగిరిపోయేదాకా అలాగే ఉన్నాడు. ఇక ధర్మం నాకు దక్కిందని జబ్బలు చరుచుకున్నాడు. కాశీలో తులాధారుడనే వర్తకుడికి నువ్వు సాటిరావని అప్పుడు ఆకాశం నుంచి మాట వినిపించింది. వెతుక్కుంటూ వెళితే, ఆయన అంగట్లో కూర్చుని సరుకులు అమ్ముకుంటున్నాడు. లేచి ఎదురొచ్చి, జాజలి నోరు తెరవకముందే పక్షుల సంగతంతా తానే చెప్పాడు.

ఈ కథ నాకు కాంటన్ సంతలో పదేపదే గుర్తొచ్చింది. డల్లాస్‌కు తూర్పున 60 మైళ్ల దూరంలో, ఐదు వేల జనాభా కూడా లేని చిన్న ఊరు కాంటన్. ప్రతి నెలా మొదటి సోమవారానికి ముందొచ్చే గురువారం నుంచి ఆదివారం దాకా అక్కడ సంత జరుగుతుంది. ఎండలో, చెట్ల కింద, రేకుల షెడ్లలో వరసలు వరసలుగా దుకాణాలు. సోమవారం జరగని సంతకు ‘ఫస్ట్ మండే ట్రేడ్ డేస్’ అని పేరెందుకో దాని పుట్టుకలో ఉంది. 1850లలో ఊరూరా తిరిగే న్యాయమూర్తి నెలకోసారి, మొదటి సోమవారం నాడు, కాంటన్ వచ్చి తీర్పులు చెప్పేవాడు. వ్యాజ్యాల మీద వచ్చినవాళ్లూ, చూడటానికి వచ్చినవాళ్లూ కోర్టు చుట్టూ చేరి గుర్రాలు, వేటకుక్కలు, పండించిన పంటలు మార్చుకునేవారు. జనం పెరిగి కోర్టు ముంగిలి చాలకపోయేసరికి, 1960లలో ఆ ఊరి పాలకులే సంత కోసం స్థలం కొన్నారు. తీర్పూ బేరమూ ఒకే ముంగిట్లో సాగిన ఆ రోజులు నాకు చాలా నచ్చాయి. రెండు చోట్లా కావలసింది ఒక్కటే త్రాసు కదా.

పాత ఇనుప సామాన్ల వరసలో మా వియ్యపురాలు ఒక పెనం ఎత్తి, వేలి కణుపుతో కొట్టి చూశారు. మన సంతల్లో కుండ కొనేటప్పుడు ఆడవాళ్లు కొట్టి చూసినట్టే. అమ్మే పెద్దావిడ ఆ చప్పుడు విని నవ్వింది. పెనం తీసుకుని బోర్లించి, అంచు దగ్గర బొటనవేలితో రాసి చూపింది. తలవెంట్రుకంత బీట. గోడకు తగిలించుకుంటే బాగుంటుంది, పొయ్యి మీద పెడితే విచ్చుకుంటుందని చెప్పింది. మా అమ్మాయి ఆ మాటలు మాకు తెలుగులో వినిపించింది. ఆవిడ వెనక నుంచి ఇంకో పెనం తీసి తానే కొట్టింది. ఖంగుమంది.

“వదినగారూ, ఇంత నిజం చెప్పిన మనిషి దగ్గర ఏం బేరమాడతాం?” అన్నారు మా వియ్యపురాలు. చీటీ మీద ఉన్న 30 డాలర్లూ ఇచ్చేశారు.

బేరం తప్పని నేననను. బేరంలో మాటుంది, చనువుంది, కొన్నిసార్లు స్నేహం కూడా ఉంది. నన్ను బాధించేది ఆదివారం మధ్యాహ్నం జరిగే బేరం. అమ్ముడుపోని సామానంతా మళ్లీ ట్రక్కుకు ఎక్కించాలి, చీకటిపడే లోపు బయల్దేరాలి. ఆ అలసట కొనేవాళ్లకు తెలుసు. అందుకే అప్పుడు వచ్చి సగానికి సగం అడుగుతారు. మన రైతుబజార్లలోనూ ఇదే వరస. సాయంత్రానికి వాడిపోతున్న తోటకూర కట్టల ముందు నిలబడి, అమ్మేవాళ్లు వాటిని ఇంటికి మోసుకెళ్లలేరని తెలిసి ధర కోస్తాం. తగ్గించి ఇవ్వడం అమ్మేవాళ్ల దయ కావచ్చు. వాళ్ల నిస్సహాయతను లెక్కగట్టి తగ్గించమనడం మాత్రం దొంగ తూకమే.

తులాధారుడు తన వ్యాపారం గురించి చెప్పిన మాటల్లో దీనికి ఆధారం దొరుకుతుంది. సుగంధ ద్రవ్యాలు, ఓషధులు, రకరకాల రసాలు అమ్ముతాడు, మద్యం మాత్రం అమ్మడు. ఇతరుల చేతుల మీదుగా కొని, కపటం లేకుండా అమ్ముతానంటాడు. సమస్త ప్రాణుల పట్లా తన త్రాసు సమంగా నిలుస్తుందంటాడు. సమస్త ప్రాణులు అన్నప్పుడు సరుకు తెచ్చి ఇచ్చినవాడు లేకుండా పోతాడా? తూనికరాళ్ల మోసం గురించి వర్తకులను తిట్టిపోస్తాం గానీ, కొనేవాడి చేతిలోనూ కంటికి కనపడని త్రాసు ఒకటి ఉంటుంది. ఎదుటివాడి అవసరాన్ని అందులో వేసి తూచుకుంటున్నామా, వస్తువు విలువను వేసి తూస్తున్నామా అన్నది మనకొక్కరికే తెలుస్తుంది. అందుకే ఈ ధర్మం కష్టం. గుడిలో చేతులు జోడించినప్పుడు నలుగురూ చూస్తారు. పెనం మీద బీట చూపిన ఆ పెద్దావిడను, చూపకుండా ఉంటే అడిగేవాళ్లెవరూ లేరు.

తన మాట మీద నమ్మకం లేకపోతే ఆ పక్షులనే అడగమని తులాధారుడు జాజలితో అంటాడు. జడల్లో పెరిగిన పక్షి పిల్లలు, జాజలి పిలవగానే వచ్చి, సమాధానం చెబుతాయి. అది కూడా కలిపి చెబితే పిల్లలు చెవులప్పగించి వింటారు. డల్లాస్ నుంచి కాంటన్ దాకా కారులో కూర్చునే గంటా ఈ కథకు సరిగ్గా సరిపోతుంది.