బీరువా వెనుక గోడ



మా విచారణలో ఒక కుటుంబంవారు ఇల్లు అమ్మకానికి పెట్టారు. "ఫాదర్ గారూ, ఆదివారం చూడటానికి వస్తున్నారు. మంచి ధర రావాలని ప్రార్థన చేయండి" అని పిలిచారు. అమ్మాయి పెండ్లికి చేసిన అప్పులు వారి మెడమీద ఉన్నాయి. వెళ్ళేసరికి ఇల్లు కళకళలాడుతోంది. గోడలకు కొత్త రంగు, తలుపులకు వార్నీషు. పవిత్రజలం చల్లుతూ పడకగదిలోకి వెళ్ళాను. బీరువా కొత్తచోట ఉంది. "ఇక్కడికెందుకు జరిపారు?" అన్నాను. భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దాని వెనుక స్నానాలగది గోడ. చెమ్మ దిగి పెచ్చులూడుతోంది.

అమ్మే ఇంటిని అందంగా ఉంచుకోవడం తప్పా? కానేకాదు. పెండ్లిచూపులకు పిల్లవాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం మోసం కాదు. ఉన్న అప్పులు దాచడం మోసం. సెమినరీలో మేము చదువుకున్న పునీత తోమస్ అక్వినాస్ 13వ శతాబ్దంలోనే ఈ ప్రశ్న వేసుకున్నాడు. కంటికి కనిపించే లోపాన్ని, ధర న్యాయమైనదైతే, అమ్మేవాడు చాటనక్కరలేదు. కాని కనబడకుండా ఉండి కొన్నవాడికి నష్టమో ప్రమాదమో తెచ్చే లోపాన్ని చెప్పితీరాలి అన్నాడు. మన దేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ కూడా తనకు తెలిసిన అటువంటి ముఖ్యమైన లోపాన్ని చెప్పే బాధ్యతను అమ్మేవాడి మీదనే పెట్టింది.

లేవీయకాండము 14వ అధ్యాయం చదవండి. ఇంటిగోడకు బూజు సోకితే యజమాని తానే వెళ్ళి యాజకునికి చెప్పాలి. ఇల్లు ఖాళీ చేయించి, చూసి, 7 రోజులు మూసి ఉంచుతారు. బూజు వ్యాపిస్తే ఆ రాళ్ళు పీకి, గోడలు గీకి, ఆ తరువాతే కొత్త పూత. ముందు పూత కాదు! సున్నం కొట్టిన సమాధులను క్రీస్తుప్రభువు గద్దింపుకు గుర్తుగా ఎందుకు ఎంచుకున్నాడో (మత్తయి 23:27) ఇక్కడ అర్థమవుతుంది.

ఆ తల్లి కాసేపు మౌనంగా ఉండి, "ఈ గదిలో రేపు ఎవరి పిల్లలు పడుకుంటారో" అన్నది. వారు పైపు బాగుచేయించారు. గోడ చెక్కించి, ఆరనిచ్చి, మళ్ళీ పూత వేయించారు. చూడవచ్చినవారికి జరిగింది జరిగినట్టు చెప్పారు. మొదటివారు వెళ్ళిపోయారు. రెండవవారు ధర తగ్గించి కొన్నారు. తగ్గిన సొమ్ము తగ్గినట్టే. దేవుడు దానిని మరోదారిన తిరిగి ఇచ్చాడని నేను కథ చెప్పలేను. అప్పు ఇంకా కొంత మిగిలి ఉంది. కాని కొన్నవారు ఎదురైతే తప్పుకొని పోవలసిన అవసరం వారికి లేదు.

ప్రియులారా, పాపసంకీర్తనానికి వచ్చినప్పుడు మనం చేయవలసినదీ ఇదే. ఇంటి యజమానిగా మనమే వెళ్ళి, బీరువా పక్కకు జరిపి, ఆ గోడను చూపడం. రంగు తరువాత వేసుకోవచ్చు.