ఇచ్చిన మాట, మారిన మనసు

వివాహం రెండు మనసుల కలయిక అని చెప్పుకోవడానికి ఇష్టపడే మనం, విడాకులు ఆస్తిపాస్తుల విభజన కూడా అని ఒప్పుకోవడానికి వెనుకాడుతాం. కాని ఢిల్లీలోని తీస్ హజారీ, సాకేత్, ద్వారక, రోహిణి న్యాయస్థానాలకు వచ్చే కుటుంబ వివాదాలలో, విడిపోవాలా వద్దా అన్న ప్రశ్న తేలిన తరువాత కూడా, ఎవరు ఏమి తీసుకుపోవాలన్న ప్రశ్న మిగిలిపోతూ ఉంటుంది. రాజధాని ప్రాంతపు జీవనం ఈ చిక్కును పెంచుతున్నది. ఒకే దంపతులకు కాపురం ఢిల్లీలో, ఉద్యోగం గురుగ్రామ్‌లో, ఇద్దరి పేర అప్పు తెచ్చి కొన్న ఇల్లు నోయిడాలో ఉండవచ్చు. ఆ మూడు చోట్లా మూడు వేర్వేరు హైకోర్టుల అధికారం నడుస్తుంది.

1955 నాటి హిందూ వివాహ చట్టానికి 1976లో వచ్చిన సవరణ, 13-బి సెక్షను ద్వారా పరస్పర అంగీకారంతో విడాకులు పొందే మార్గాన్ని చూపింది. దంపతులు కలిసి మొదటి విన్నపం చేసుకొన్న ఆరు నెలల తరువాత, పద్దెనిమిది నెలల లోపల, రెండవ విన్నపం చేసుకోవాలి. ఈ ఆరు నెలల గడువును తగిన సందర్భాలలో సడలించవచ్చునని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. ఆస్తి పంపకం, భరణం, నగలు, పిల్లల పోషణ, ఒకరిపై ఒకరు పెట్టుకొన్న కేసుల ఉపసంహరణ, ఇవన్నీ సాధారణంగా ఒకే ఒప్పంద పత్రంలోకి ఎక్కుతాయి. సొమ్మును కూడా తరచుగా వాయిదాలుగానే చెల్లిస్తారు: కొంత మొదటి విన్నపం నాడు, కొంత రెండవ విన్నపం నాడు, మిగిలినది క్రిమినల్ కేసు రద్దయిన నాడు.

ధర్మసందేహం ఇక్కడే పుడుతుంది. ఒప్పందాన్ని నమ్మి భార్య ఇంటిలోని తన వాటాను వదులుకొని, ఫిర్యాదును కూడా విరమించుకొన్నదనుకొందాం. అప్పుడు భర్త రెండవ విన్నపానికి రానంటే? లేదా, భర్త సగం సొమ్ము చెల్లించిన తరువాత భార్య మనసు మార్చుకొంటే? డిక్రీ వెలువడే దాకా ఇద్దరి అంగీకారమూ నిలిచి ఉండాలనీ, ఈలోగా ఎవరైనా దానిని వెనుకకు తీసుకోవచ్చుననీ సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. అటువంటప్పుడు ఆ పత్రానికి విలువ ఏమిటి?

ఆడిన మాట తప్పరాదన్నది మన సంస్కారం. హరిశ్చంద్రుని కథను తరతరాలుగా నాటకంగా చూసి కంటతడి పెట్టిన జాతి మనది. అయితే ఆ కథలో మనం తరచుగా దాటిపోయే సూక్ష్మం ఒకటి ఉన్నది. రాజు తన రాజ్యాన్ని ధారపోసినప్పుడు మనకు కలిగేది గౌరవం. అదే మాట కోసం ఆలిని అమ్మినప్పుడు, ఆయన సత్యనిష్ఠను మెచ్చుకొంటూనే, మన మనసు కలుక్కుమంటుంది. వస్తువును మాటకు కట్టవచ్చును, మనిషిని కట్టరాదు అని లోలోపల మనకు తెలుసు.

ఢిల్లీ హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం 2018 మే నెలలో ఇచ్చిన తీర్పులో నాకు ఈ వివేకమే కనిపిస్తున్నది. కోర్టుకు హామీ ఇచ్చిన వ్యక్తిని కూడా విడాకులకు సమ్మతించి తీరాలని బలవంతపెట్టరాదు. ఎందుకంటే బలవంతాన వచ్చినది సమ్మతి కాదు. అయితే హామీని ఉల్లంఘించినందుకు కోర్టు ధిక్కారం కింద బాధ్యత తప్పదు. ఒప్పందం వల్ల పొందిన లాభాన్ని తిరిగి ఇప్పించి, ఎదుటివారిని పూర్వస్థితిలో నిలపవచ్చును. మనసు మార్చుకొనే స్వేచ్ఛ ఉన్నది గాని, మార్చుకొంటూ సొమ్మును దక్కించుకొనే స్వేచ్ఛ లేదు.

ఈ న్యాయం సరియైనదే. కాని అది మాట నిలుపుకోవడాన్ని గురించి చెప్పినది. అసలు ఆ మాట సమానుల మధ్య పుట్టినదా అన్న ప్రశ్న దానికి ముందున్నది. ఎదుటివారి ఆదాయం ఎంతో, అప్పులెన్నో తెలియకుండా పెట్టిన సంతకాన్ని సమ్మతి అనవచ్చునా? భరణం కేసులలో ఇరుపక్షాలూ ఆస్తి అప్పుల ప్రమాణపత్రాలు దాఖలు చేయాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించడం వెనుక ఉన్న బాధ ఇదే.

స్త్రీధనం మనకు కొత్త మాట కాదు. దానికి విశాలమైన అర్థం చెప్పిన మితాక్షరను, కేతన 13వ శతాబ్దంలోనే విజ్ఞానేశ్వరీయమన్న పేర తెలుగు చేశాడు. పసుపు కుంకుమల కింద కూతురికి పొలం రాసి ఇచ్చిన ఆచారం మన పల్లెలలో ఉన్నది. స్త్రీధనం అత్తవారింట చేరినా అది ఆమె సొంతమేనని 1985లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాని కాపురంలో ఇద్దరూ కలిసి కూడబెట్టిన దాని మాటేమిటి? గోవాలోని పౌరస్మృతి దంపతుల ఆస్తిని సాధారణంగా ఉమ్మడిగా భావిస్తుంది. దేశంలో మిగిలిన చోట్ల దస్తావేజులో పేరున్నవారే ప్రాయికంగా యజమానులు. హిందూ వివాహ చట్టం 27వ సెక్షను సైతం పెళ్ళి సమయంలో ఇచ్చిన ఉమ్మడి వస్తువులను గురించే ప్రధానంగా మాట్లాడుతుంది. వంట, పిల్లల పెంపకం, పెద్దల సేవ ఏ దస్తావేజుకూ ఎక్కవు. 2023లో మద్రాసు హైకోర్టు గృహిణి శ్రమను కూడా ఆస్తి సంపాదనలో భాగంగా గుర్తించి, ఆమెకు సగం వాటా ఉన్నదని చెప్పింది. అయినా అది ఒక తీర్పు మాత్రమే, దేశమంతటికీ శాసనం కాలేదు.

ఆ శాసనం వచ్చే దాకా ఈ లోటును పూరించవలసినది ఒప్పంద పత్రమే. కాబట్టి మధ్యవర్తులు, న్యాయవాదులు, తీర్పరులు సంతకాలకు ముందు రెండు సంగతులు విచారించాలి. ఇద్దరికీ లెక్కలన్నీ తెలుసునా? జీతం లేని శ్రమను ఆ లెక్కలో కలిపారా? ఈ రెండింటికీ అవునన్న జవాబు వచ్చిన చోట, మాట తప్పినవారిని నిలదీయడానికి న్యాయస్థానానికి నైతికమైన అధికారం కూడా ఉంటుంది.