గొల్లభామ చెప్పే జావా పాఠం



సిద్దిపేట అనగానే గొల్లభామ చీర గుర్తుకొస్తుంది. నెత్తిన కుండ పెట్టుకుని నిలిచిన ఆ భామ నమూనా ఒక్కటే. దాన్ని చూసి నేతన్న ఎందరు భామలనైనా నేస్తాడు. ఒకామెకు ఎర్ర నూలు, ఇంకొకామెకు పచ్చ నూలు.

జావా అనే కంప్యూటర్ భాష మొదలుపెట్టిన పిల్లల్ని తొలివారంలోనే కంగారుపెట్టే మాటలు రెండు: క్లాస్, ఆబ్జెక్ట్. మన చీరతో పోల్చితే, గీసిపెట్టుకున్న నమూనా క్లాస్. దాని ప్రకారం నేసిన ఒక్కో భామ ఒక్కో ఆబ్జెక్ట్. ఒకామె రంగు మార్చినా పక్కామె రంగు మారదు. అంతే సంగతి!

ఈ ఆలోచనకు 1960లలో నార్వేలో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు సిమ్యులా భాషతో రూపమిచ్చారు. బయటి లోకం నడిచే తీరును కంప్యూటర్‌లో చూపాలన్నది వాళ్ల తపన. అదే ఆలోచనతో 1995లో జావా వచ్చింది. ఆ కంప్యూటర్ పని మన దాకా కూడా వచ్చింది: 2023లో మన సిద్దిపేటలో ఐటీ టవర్ తలుపులు తెరిచింది.

కొత్తగా నేర్చుకుంటున్న చెల్లీ, తమ్ముడూ! జావాలో ఆదేశం ఉన్న వరుస చివర ఒక్క సెమికోలన్ మరిచిపోతే ప్రోగ్రాం ముందుకు సాగదు. తెర మీద తప్పుల చిట్టా కనబడగానే ‘ఇది నాతో కాదు’ అనుకోకండి. పోగు తెగితే నేతన్న మగ్గం దిగి వెళ్లిపోడు. తెగిన చోటు వెతికి, ముడివేసి, మళ్లీ నాడె ఆడిస్తాడు. మీరూ ఆ వరుస దగ్గరికే వెళ్లండి. నిదానంగా చదవండి. సరిదిద్ది మళ్లీ నడపండి.

ఓపిక మన ఊరి మగ్గాలకు తెలిసిన విద్యే. అది మీకూ అబ్బుతుంది.