గడప లోపలి వృద్ధులు

ఒక మనిషి ప్రాణమును కాపాడుటకై అతని జీవితమును నిలిపివేయవచ్చునా? 2020 మార్చి 25, ఉగాదినాడు దేశమంతట లాక్‌డౌన్ ఆరంభమైనప్పుడు ఈ ప్రశ్న వేయుటకు ఎవరికిని తీరిక లేదు. కరోనా వయసు మీరినవారినే ఎక్కువగా బలిగొనుచున్నదని అప్పటికే తెలిసియుండెను. ఏప్రిల్ నెలలో రాష్ట్రమున కేసులు మిక్కుటముగా నున్న జిల్లాలలో కర్నూలు ముందు వరుసలో నుండెను. నంద్యాల, ఆళ్ళగడ్డ అప్పుడా జిల్లాలోనివే. మే నెలలో కేంద్రప్రభుత్వము 65 ఏండ్లు దాటినవారు అత్యవసరములకు, వైద్యమునకు తప్ప ఇల్లు కదలరాదని ఉత్తర్వు చేసెను. జూన్ 8న గుళ్ళు తెరువనిచ్చినను, వారిని ఇంటనే యుండుమనిరి. కొడుకులును కోడండ్రును ఆ ఉత్తర్వును ప్రభుత్వము కంటె గట్టిగా అమలుపరచిరి!

నంద్యాలలో ఒక వృద్ధుని దినచర్య యెట్టిది? తెల్లవారుజామున ప్రథమనంది దర్శనము, టీ అంగడి వద్ద పత్రిక, సాయంకాలము ఎవరి అరుగు మీదనో నలుగురితో మాట. కార్తీక సోమవారము వచ్చినచో నవనందుల యాత్ర. ఉగాదికి ముందు కన్నడ దేశము నుండి కాలినడకన శ్రీశైలమునకు పోవు భక్తులకు దారిలో మజ్జిగయో అన్నమో పెట్టుట యొక పండుగ. ఆ యేడు ఉగాదినాటికి శ్రీశైలమున దర్శనములే నిలిచిపోయెను.

ఇష్టలింగము కరస్థలమున నుండగా గుడి మూసిన నేమి లోటు అని వీరశైవుడు అనవచ్చును. అది నిజమే, పూజ ఏ యింటను ఆగలేదు. కాని బసవేశ్వరుడు కల్యాణమున అనుభవమంటపమును నెలకొల్పినది ఒక్కరు కూర్చుండుటకు కాదు. దాసోహమునకు ఎదుట మరియొక మనిషి కావలెను. గది వాకిట కంచము పెట్టి దూరముగా జరిగిన యింటిలో వృద్ధుడు పుచ్చుకొనువాడు మాత్రమే యయ్యెను. ఇచ్చుటకు అతని చేతిలో ఏమియు మిగులలేదు. ఆళ్ళగడ్డలో శిల్పుల కొట్టములున్నవి. చూపు తగ్గి ఉలి పట్టలేని పెద్ద శిల్పి సైతము అక్కడ కూర్చుండి కనుబొమ కొలత తప్పినదని పిల్లవానికి చెప్పగలడు. అదియును కాయకమే. కొట్టము మూతపడినప్పుడు కూలి పోయిన యువకుని బాధ అందరికిని కనబడెను. మాట అక్కరలేకపోయిన ముసలివాని బాధ లెక్కలోనికి రాలేదు.

పాశ్చాత్యదేశములలో తొలి నెలలలో జరిగిన కొన్ని పరిశీలనలలో యువకుల కంటె వృద్ధులే ఆందోళనను తట్టుకొనిరని తేలినది. అనేక కష్టములు చూచిన మనసునకు ఆ నిబ్బరము సహజమే. అయితే సొంత గదియు, ఫోనులో ముఖములు చూచుకొను నేర్పును గలవారి మాటను ఇరుకింటిలో వినికిడి తగ్గిన అవ్వకు అన్వయింపరాదు. మాస్కు పెదవులను కప్పగా, పెదవుల కదలికను బట్టి మాట గ్రహించు వారికి ఆ కాస్త మాటయును పోయెను. వార్ధక్యమున మనోవ్యాధి తరచుగా దుఃఖమని చెప్పుకొనదు. నిద్ర పట్టదు, అన్నము సహింపదు, ఒళ్ళు నొప్పులనును. ఇంటివారు వయసనుకొని ఊరకుందురు. మతిమరపు వ్యాధి యున్నవారికి దినచర్య చెదరినచో కలవరము మరింత హెచ్చును.

అన్నిటికంటె క్రూరమైనది చావు. అంత్యక్రియలకు 20 మందికి మించరాదను నియమముండెను. ఏబదియేండ్ల స్నేహితుని సమాధి చేయు వేళ పిడికెడు మన్ను వేయలేక, ఆ వార్తను ఫోనులో విని గోడవైపు తిరిగి పండుకొన్నవారెందరో!

అట్లని వారిని ఆపుట అధర్మమనుట తగదు. నా ప్రాణము నా యిష్టమని వృద్ధుడనవచ్చును. కాని అతడు తెచ్చిన వ్యాధి మనుమనికి సోకును, అతడు పడుకొన్న ఆసుపత్రి మంచము మరియొకరికి దక్కకపోవును. ఆపుటలో దోషము లేదు, అడుగకపోవుటలో నున్నది. దూరముగా కూర్చుండి, మాస్కు కట్టుకొని, వేపచెట్టు క్రింద ఒక గంట స్నేహితునితో మాటలాడుదునన్న పెద్దవానితో ఆ లాభనష్టములను కూర్చుండి తూచిన యిల్లు అరుదు. బిడ్డను కాపాడినట్లు తండ్రిని కాపాడబోయిరి. తండ్రి బిడ్డ కాడు.

మేలు సైతము ఒక్కొక్కసారి వింతగా పరిణమించును. అప్పటి వాలంటీర్లు ప్రతి నెల ఒకటవ తేదీన 2,250 రూపాయల పింఛను ఇంటికే తెచ్చి యిచ్చిరి. ఆ కాలమున అది గొప్ప ఉపకారము. అయినను, పింఛను వరుసలో నిలిచి విసుగుకొనుచునే ఊరి సంగతులన్నియు చెప్పుకొను ముసలమ్మలకు ఆ వరుస కూడ లేకపోయెను.

2021 మార్చి 1 నుండి 60 దాటినవారికి టీకా లభించెను. మే 5న మరల రాష్ట్రమున మధ్యాహ్నము 12 నుండి ఉదయము 6 వరకు కర్ఫ్యూ వచ్చెను. విపత్తు చట్టము క్రింది కట్టుబాట్లు 2022 మార్చి 31తో ముగిసినవి. అరుగుల మీదికి అందరును తిరిగి రాలేదు. కొందరికి రెండేండ్లలో మోకాళ్ళు బిగిసెను. కొందరు చెప్పులు తొడిగికొనగానే లోపలినుండి, "ఎందుకు నాయనా, ఇంట్లోనే ఉండగూడదా?" అను మాట ఇప్పటికిని వినబడుచున్నది.