ఎవరిదీ కిడ్నీ?

డయాలసిస్ మీద ఉండి జీవన్‌దాన్‌లో పేరు రాయించుకున్న మనిషిని ఒక ప్రశ్న లోపల్లోపల తొలిచేస్తది: "నేను బతకాలంటే ఇంకొకరు చావాలా?" ఫోన్ మోగితే ఆశ, వెంటనే సిగ్గు. ఇంట్లో కూడా చెప్పుకోలేడు.

ఆశపడటం వేరు, చావు కోరడం వేరు. తథాగతుడు చేతననే కమ్మ అన్నాడు. ప్రమాదంలో మెదడు చనిపోయిన మనిషిని ఈ రోగి ఆశ చంపలేదు. అవయవం ఇవ్వడం ఆ కుటుంబం తీసుకున్న నిర్ణయం. ఇక "పోయిన జన్మ పాపం" అనే చుట్టాల మాటంటారా, బాబాసాహెబ్ ఆ సిద్ధాంతాన్ని 'బుద్ధుడు ఆయన ధమ్మం'లోనే తోసేశారు.

ఆపరేషన్ అయ్యాక భయం రూపు మారుతుంది. కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదని తోసెయ్యకుండా రోజూ మందులు మింగాలి. క్రియాటినిన్ రిపోర్టు వచ్చే ముందురోజు నిద్ర పట్టదు. "ఇది నాది కాదు" అనిపిస్తది. మరి పాత కిడ్నీ మాత్రం మన మాట విన్నదా? పఠవి, ఆపో, తేజో, వాయోలు కలిసిన ఈ ఒంట్లో 'నాది' అని గీత గీసేదెక్కడ?

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకోటుంది. మన దేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. భార్య ఇచ్చింది దానమా, కాదనలేకపోయిందా? 1994 చట్టం ఆమె సమ్మతి అడుగుతుంది. ఇంట్లో "వద్దు" అంటే వినేవాళ్లున్నారా? ఆమె ఒంటి మీది కోత మచ్చ చూసి తల దించుకునే భర్తలున్నారు. ఆ మాట ఆపరేషన్‌కు ముందే, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు అడగాలి.